భార్యకు కీమో, పాపకు మోచేతి కింద చెయ్యి లేదు: ఇంట్లో రెండూ ఎలా సర్దుకోవాలి?

పొద్దుతిరుగుడు
అందరికీ నమస్కారం. నా భార్యకు రొమ్ము క్యాన్సర్. ముందు ఏసీ కీమో (డాక్సోరుబిసిన్, సైక్లోఫాస్ఫమైడ్ అనే రెండు మందులు) మూడు వారాలకోసారి, తర్వాత పాక్లిటాక్సెల్, ఆపైన ఆపరేషన్ అన్నారు. పోర్ట్ (మందు ఎక్కించడానికి ఛాతీ దగ్గర చర్మం కింద అమర్చే చిన్న పరికరం) పెట్టారు. పాపకు నాలుగేళ్లు, పుట్టుకతోనే ఎడమ మోచేతి కింద చెయ్యి లేదు. కృత్రిమ చేతికి కొత్త సాకెట్ (మిగిలిన చెయ్యి దూరే గట్టి తొడుగు) కొలతలు తీయించాల్సిన సమయం కూడా ఇదే. కీమో రోజుల్లో పాప తల్లి పక్కన పడుకోవచ్చా? పాప అపాయింట్‌మెంట్లు ఎప్పుడు పెట్టుకోవాలి? నేను ఆసుపత్రిలో ఉంటే పాపను చూసుకునేవాళ్లకు ఏం రాసిపెట్టాలి? తెలిసినవాళ్లు చెప్పండి.

తెల్లకోటు (కీమో వార్డు నర్సు)
ముందు ఒక్కటే క్యాలెండర్ పెట్టుకోండి. ఆవిడకొకటి, పాపకొకటి అని వద్దు. కీమో ఎక్కించిన రోజును 1 అనుకుంటే, 21 రోజుల సైకిల్ మామూలుగా ఇలా నడుస్తుంది. మొదటి నాలుగైదు రోజులు వికారం, నీరసం, స్టెరాయిడ్ వల్ల నిద్ర పట్టకపోవడం. 7 నుంచి 14వ రోజు మధ్య తెల్ల రక్తకణాలు బాగా పడిపోతాయి. పైకి మనిషి తేరుకున్నట్టే కనిపిస్తుంది కాబట్టి ఇంట్లోవాళ్లు ఏమరుపాటుగా ఉండేది ఈ వారంలోనే. 15 నుంచి 21 దాకా కౌంట్లు (రక్తకణాల సంఖ్య) మళ్లీ లేస్తాయి. పాప సాకెట్ కొలతలు, స్కూలు పనులు, తల్లి కూడా రావాల్సినవి ఏవైనా ఈ మూడో వారంలో పెట్టండి. ప్రోస్థెటిస్ట్ (కృత్రిమ చేతులు, కాళ్లు అమర్చే నిపుణుడు) దగ్గర పొద్దున్నే మొదటి టైమ్ అడగండి, వెయిటింగ్ హాల్లో దగ్గులూ తుమ్ముల మధ్య కూర్చోవాల్సిన పని తప్పుతుంది.

జ్వరం సంగతి విడిగా చెప్పాలి. 38 డిగ్రీల సెల్సియస్, అంటే 100.4 ఫారెన్‌హీట్ తాకిందంటే అర్ధరాత్రయినా సరే అప్పటికప్పుడు ఆసుపత్రికి ఫోన్ చేసి బయల్దేరాలి. పారాసిటమాల్ వేసి తెల్లారేదాకా చూద్దాం అనుకోకండి. తెల్ల రక్తకణాలు తక్కువున్నప్పుడు ఇన్ఫెక్షన్ గంటల్లో ముదురుతుంది, మాత్ర వేస్తే జ్వరం దిగుతుంది గానీ ఇన్ఫెక్షన్ దిగదు. యాంటీబయాటిక్ మొదటి డోసు ఆసుపత్రికి చేరిన గంటలోపు పడాలన్నది వైద్యులు పెట్టుకునే గురి. జ్వరం లేకుండా వణుకు వచ్చినా అంతే, ఫోన్ చేయాలి. కణాలు పెంచే ఇంజెక్షన్ తర్వాత ఎముకల నొప్పులకు పారాసిటమాల్ వేసుకోమంటారు. వేసే ముందు ప్రతిసారీ జ్వరం చూసి రాసుకోండి, లేకపోతే అసలు జ్వరం దాగిపోతుంది.

ఫోన్‌లో వాళ్లు అడిగేవి: ఏ మందులు, చివరి కీమో ఏ రోజు, ఇప్పుడు జ్వరం ఎంత, పోర్ట్ ఉందా, చివరి కౌంట్లు ఎంత. ఈ అయిదూ ఒక కార్డు మీద రాసి ఫ్రిజ్ తలుపుకి అంటించండి.

పొద్దుతిరుగుడు
థాంక్స్ అండీ. పక్కన పడుకోవడం గురించి? పాప రాత్రిపూట తల్లి చెయ్యి పట్టుకోనిదే నిద్రపోదు.

తెల్లకోటు
పడుకోవచ్చు. కీమో మందు చర్మం నుంచి చర్మానికి అంటుకుని పాపకు హాని చేస్తుందన్న భయంతో చాలా ఇళ్లలో పిల్లలను అనవసరంగా దూరం పెడతారు. జాగ్రత్త పడాల్సింది మూత్రం, మలం, వాంతి విషయంలో. కీమో అయ్యాక కనీసం 48 గంటలు, కొన్ని మందులకు ఇంకా ఎక్కువ రోజులు, వీటిలో మందు అవశేషాలు వస్తుంటాయి. ఎన్ని రోజులో మీ యూనిట్‌ని అడగండి. అన్ని రోజులూ టాయిలెట్ మూత వేసి రెండుసార్లు ఫ్లష్ చేయాలి, వాంతి శుభ్రం చేసేటప్పుడు గ్లవ్స్ వేసుకోవాలి, తడిసిన బట్టలు విడిగా ఉతకాలి. గ్లాసు, చెంచా, టూత్‌బ్రష్ ఆవిడవి ఆవిడకే ఉంచండి.

ఏసీలోని డాక్సోరుబిసిన్ వల్ల ఒకటి రెండు రోజులు మూత్రం ఎర్రగా వస్తుంది. అది మందు రంగు, రక్తం కాదు. పాప వెనకాలే బాత్రూంలోకి వెళ్లే అలవాటున్న పిల్లయితే ముందే చెప్పి ఉంచండి.

టీకాల సంగతి కూడా చెప్పేస్తాను. తల్లి కీమోలో ఉండగా పాపకు పోలియో చుక్కలు వేయించకండి, ఇంజెక్షన్ రూపంలో ఉన్న పోలియో టీకా అడగండి. చుక్కల్లోని బతికున్న వైరస్ పిల్లల మలంలో బయటికొస్తుంది. ఎంఎంఆర్ (తట్టు, గవదబిళ్లలు, రుబెల్లా), ఆటలమ్మ టీకాలు పాపకు వేయించవచ్చు. ఆటలమ్మ టీకా తర్వాత పాప ఒంటి మీద పొక్కులు వస్తే మాత్రం అవి తగ్గేదాకా తల్లికి దూరంగా ఉంచాలి. ఫ్లూ టీకా ఇంట్లో అందరూ ఇంజెక్షనే వేయించుకోండి, ముక్కులో కొట్టేది వద్దు. స్కూల్లో ఎవరికైనా ఆటలమ్మ వచ్చిందని తెలిస్తే అదే రోజు కీమో యూనిట్‌కు చెప్పండి.

అడుగుజాడ (ప్రోస్థెటిస్ట్)
పక్కన పడుకోవడం గురించి నా వైపు నుంచి ఒకటి. పడుకునే ముందు కృత్రిమ చెయ్యి తీసేయండి. పిల్లల ప్రోస్థెసిస్ (కృత్రిమ అవయవం) అంచు, చివర ఉండే హుక్ లేదా గట్టి చెయ్యి నిద్రలో పోర్ట్ మీద తగిలితే గట్టి దెబ్బే. ప్లేట్‌లెట్లు తక్కువున్న వారంలో చిన్న తాకిడికే నల్లగా కమిలిపోతుంది. ఆపరేషన్ తర్వాత కుట్ల వైపు అసలు పనికిరాదు. పగలు ఒళ్లో కూర్చోబెట్టుకునేటప్పుడు కూడా పోర్ట్ లేని వైపుకి పాప ప్రోస్థెసిస్ వచ్చేలా కూర్చోబెట్టండి.

ఇక కొలతలు. ఈ వయసులో ఏడాదికోసారి సాకెట్ మార్చాల్సి రావడం మామూలే. అయిదేళ్ల దాకా ఏడాదికి, తర్వాత పన్నెండు దాకా సుమారు రెండేళ్లకు. సాకెట్ చిన్నదైపోయిందని ఇలా తెలుస్తుంది: తీశాక ఎర్ర మచ్చలు 20 నిమిషాలకు కూడా పోకపోవడం, మోచేతి ఎముక కొస దగ్గర ఒరుసుకుపోవడం, లోపలి మడత దగ్గర చర్మం నొక్కుకుపోవడం, పాప తనంతట తాను లాగి పడేయడం. నాలుగేళ్ల పిల్ల "నొప్పి" అనకపోవచ్చు, "వద్దు" అంటుంది. ఆ "వద్దు"ని మొండితనం అనుకునే ముందు చర్మం చూడండి. కొత్త సాకెట్ వచ్చాక మొదటి రోజు ఒకటి రెండు గంటలు, చర్మం బాగుంటే రోజుకో గంట పెంచుతూ పోవాలి. ఈ అలవాటు చేసే వారం కీమో మొదటి వారంలో పడకుండా చూసుకోండి, రోజుకు మూడు నాలుగుసార్లు విప్పి చూసే ఓపిక అప్పుడు ఇంట్లో ఎవరికీ ఉండదు.

చర్మం మీద సెగ్గడ్డ, చీము ఉంటే ప్రోస్థెసిస్ ఆపేసి డాక్టరుకి చూపించండి. ఆ పుండు శుభ్రం చేసే పని మీరు గ్లవ్స్ వేసుకుని చేయాలి, ఆవిడ చేయకూడదు.

ఇంకొకటి నిస్సంకోచంగా చెప్తాను. ఈ ఆరు నెలలూ ప్రోస్థెసిస్ పక్కన పెట్టినా పాపకు నష్టం లేదు. ఒక వైపు మోచేతి కింద చెయ్యి లేకుండా పుట్టిన 489 మంది పిల్లల మీద 2006లో వచ్చిన పరిశీలనలో, ప్రోస్థెసిస్ వాడేవాళ్లకూ వాడనివాళ్లకూ రోజువారీ పనుల్లో, జీవన నాణ్యతలో చెప్పుకోదగ్గ తేడా కనిపించలేదు. సైకిల్ హ్యాండిల్ పట్టుకోవడం లాంటి ఒక్కో పనికి అది బాగా ఉపయోగపడుతుంది. అందుకే పాప ఏ పనికి అడుగుతుందో ఆ పనికి తొడగండి, రోజంతా ఉండాలన్న పట్టు వద్దు.

గోరింట (ఆక్యుపేషనల్ థెరపిస్ట్)
నేను ఈ చర్చలో గట్టిగా చెప్పదలచుకున్నది ఒక్కటే. ఇంట్లో ఒకరికి పెద్ద జబ్బు వచ్చినప్పుడు హడావిడిలో పిల్లల పనులన్నీ పెద్దవాళ్లే చేసేస్తారు, తొందరగా అవుతుందని. ఒంటి చేత్తో జిప్పు వేసుకోవడం నేర్చుకుంటున్న పిల్లకు కొన్ని నెలల పాటు ఎవరో ఒకరు వేసేస్తే నేర్చుకున్నది పోతుంది, పైగా తనకు రాదన్న నమ్మకం కుదురుతుంది. కీమో మొదటి మూడు రోజులు మీరే చేసిపెట్టండి, తప్పేం లేదు. నాలుగో రోజు నుంచి రోజుకు రెండు పనులు పాపవి. అవి ఎంత ఆలస్యమైనా పాపే చేయాలి. పొద్దున్న పది నిమిషాలు ముందు లేపితే సరిపోతుంది.

బట్టలు ఇలా: చొక్కా వేసుకునేటప్పుడు చిన్న చెయ్యి ముందు, విప్పేటప్పుడు చిన్న చెయ్యి చివర. జిప్పు పుల్లకు వేలు దూరేంత రింగు తగిలించండి. నడుముకి ఎలాస్టిక్. బూట్లకు వెల్క్రో, లేదా ఎలాస్టిక్ లేసులు ఒకసారి కట్టి వదిలేయడం. అందరూ మర్చిపోయేది కుడి చేతి మణికట్టు గుండీ. ఉన్న ఒక్క చేతి గుండీని ఆ చెయ్యే పెట్టుకోలేదు కదా. ఆ గుండీని ఎలాస్టిక్ దారంతో కుట్టేయండి, గుండీ పెట్టి ఉండగానే చెయ్యి దూరిపోతుంది. గోళ్లు తీసేది కూడా అంతే: పీటకు బిగించి, కింద రబ్బరు వేసిన నెయిల్ కట్టర్ అయితే చిన్న చేతితో నొక్కి పెద్ద చేతి గోళ్లు తనే తీసుకోగలదు, పెద్దవాళ్లు పక్కన ఉండగా. రాసేటప్పుడు కాగితం జారకుండా కింద రబ్బరు మ్యాట్.

ఇవన్నీ తల్లికీ పనికొస్తాయి. పాక్లిటాక్సెల్ వల్ల వేళ్ల కొసలు మొద్దుబారితే గుండీలు, మూతలు, గోళ్లు ఆవిడకూ కష్టమే. ఆపరేషన్ తర్వాత చొక్కా వేసుకునే పద్ధతి కూడా పాపదే: ఆపరేషన్ అయిన వైపు చెయ్యి ముందు దూర్చాలి, విప్పేటప్పుడు చివర తీయాలి. పాప తల్లికి చూపించగలిగిన పని ఇది, చూపించనివ్వండి.

నీటిరంగు
మధ్యలో వస్తున్నందుకు ఏమనుకోకండి. మాది దగ్గర దగ్గరగా ఇలాంటిదే. మావారికి పెద్దపేగు క్యాన్సర్, ఆక్సాలిప్లాటిన్ నడుస్తోంది. ఆరేళ్ల బాబుకు ప్రమాదంలో మోకాలి కింద కాలు తీసేశారు. కాలు తొడిగేది, సాక్సులు సర్దేది ఇప్పటిదాకా ఆయనే. నేను ఏం చూసుకోవాలి?

అడుగుజాడ
నీటిరంగు గారూ, కాలి విషయంలో లెక్క వేరు, ఇక్కడ ప్రోస్థెసిస్ లేకపోతే నడక ఆగిపోతుంది. పిల్లల్లో సాక్సుల పొరలు తగ్గుతూ పోతాయి, ఎందుకంటే కాలు పెరుగుతుంది. మొన్నటిదాకా అయిదు పొరల సాక్సు పట్టింది ఇవాళ ఒక పొరతోనే బిగుసుకుంటే కొత్త సాకెట్‌కు టైమ్ అయినట్టే. రోజూ ఎన్ని పొరలు వేశారో క్యాలెండర్ మీదే రాయండి.

కాలు కొస సాకెట్ అడుగును తాకకుండా పైన మాత్రమే బిగుతుగా ఉంటే కొస వాచి ముదురు ఎరుపుకు, ఊదా రంగుకు తిరుగుతుంది. అలా కనిపిస్తే వాడటం ఆపి చూపించండి. అద్దం నేల మీద పెట్టి రోజూ సాయంత్రం కొస చూడండి.

ప్రమాదంలో ఎముక మధ్యలో తీసేసిన పిల్లల్లో ఇంకో సమస్య ఉంది. ఎముక కొస మొనదేలి చర్మాన్ని లోపలి నుంచి పొడుస్తూ పెరుగుతుంది. కొస దగ్గర గట్టిగా, సూదిగా తగలడం, ముట్టుకుంటే ఏడవడం, చర్మం పలచబడటం గుర్తులు. పుట్టుకతో లేని పిల్లల్లో ఇది అరుదు. పొడుగు సంగతి మూడు నాలుగు నెలలకోసారి చూపించండి: వెనక నుంచి చూస్తే నడుము ఒక వైపు ఒరిగినట్టుంటే కృత్రిమ కాలు పొట్టిదైపోయింది. చాలాసార్లు సాకెట్ కింది పైపు మారిస్తే చాలు, కొత్త సాకెట్ అక్కర్లేదు.

రాత్రి లైనర్ (సాకెట్ లోపల వేసుకునే మెత్తటి తొడుగు) తిరగేసి సబ్బుతో కడిగి ఆరేయాలి, కాలు కూడా కడిగి తుడవాలి. తొడిగే ముందు క్రీములు, నూనెలు రాయకూడదు.

తెల్లకోటు
నీటిరంగు గారికి ఒక్క మాట. ఆక్సాలిప్లాటిన్ ఎక్కించాక నాలుగైదు రోజులు చల్లటి వస్తువు ముట్టుకుంటే వేళ్లలో సూదులు గుచ్చినట్టుంటుంది, చల్లటిది తాగితే గొంతు పట్టేసినట్టవుతుంది. ప్రోస్థెసిస్ లోహపు పైపు, తడి లైనర్ కూడా చల్లటివే. ఆ రోజుల్లో ఆ పని మీది, లేదా ఆయన గ్లవ్స్ వేసుకుని చేయాలి. తిమ్మిరి తర్వాతి కీమోకు ముందు తగ్గకపోతే డాక్టరుకు చెప్పండి, డోసు తగ్గించాలా అన్నది దాన్ని బట్టే చూస్తారు. ఓర్చుకుని చెప్పకుండా ఉంటే అది మిగిలిపోవచ్చు.

చిగురు
పొద్దుతిరుగుడు గారూ, మా బంధువుల్లో కొందరు "తల్లికి క్యాన్సర్, బిడ్డకు చెయ్యి లేదు, రెండూ ఒకే దోషం" అంటుంటారు ఇలాంటి సందర్భాల్లో. దీనికి ఏమైనా ఆధారం ఉందా? తెలిసినవాళ్లు చెప్తే బాగుంటుంది.

కొలనుగట్టు (జెనెటిక్ కౌన్సెలర్)
మోచేతి కింద అడ్డంగా ఆగిపోయిన చెయ్యి, మిగతా శరీరమంతా మామూలుగా ఉన్న బిడ్డ అయితే, అది దాదాపు ఎప్పుడూ ఒంటరిగా వచ్చేదే. వంశంలో రాదు, తల్లి చేసిన పని వల్ల రాదు, తర్వాత వచ్చిన క్యాన్సర్‌తో దానికి సంబంధం లేదు.

ఒక్క మినహాయింపు ఉంది, అరుదే గానీ తెలిసి ఉండాలి. బొటనవేలు లేకపోవడం లేదా చిన్నగా ఉండటం, ముంజేతిలో బొటనవేలి వైపు ఎముక లేకపోవడం అన్నది వేరే రకం. ఆ పిల్లలకు గుండె స్కాన్, కిడ్నీల అల్ట్రాసౌండ్, రక్త పరీక్షలు చేయించాలి. వాటితోపాటు ఫాంకోని అనీమియా (ఎముక మజ్జను దెబ్బతీసే అరుదైన జన్యు జబ్బు) కోసం క్రోమోజోములు విరిగే పరీక్ష కూడా. తల్లిదండ్రులిద్దరి నుంచీ చెడిన బీఆర్‌సీఏ2 జన్యువు వస్తే ఫాంకోనిలో ఒక రకం వస్తుంది. అదే జన్యువు ఒక్క కాపీ చెడినవాళ్లకు రొమ్ము, అండాశయ క్యాన్సర్ల ముప్పు ఎక్కువ. కాబట్టి బిడ్డకు బొటనవేలి సమస్య ఉండి, తల్లికి బీఆర్‌సీఏ2 తేలితే ఆ రెండు సంగతులూ ఒకే డాక్టరుకు చెప్పండి. ఫాంకోని ఉన్న బిడ్డకు మామూలు మోతాదు కీమో, రేడియేషన్ తట్టుకునే శక్తి ఉండదు గనుక ముందే తెలియడం ముఖ్యం.

దారిదీపం (పిల్లల కౌన్సెలర్)
పాపకు ఏమని చెప్పాలన్నది మిగిలిపోయింది. "అమ్మకు ఒంట్లో బాగాలేదు" అని వదిలేయకండి, రేపు పాపకు జలుబు చేసినా అదే మాట అంటారు కదా. క్యాన్సర్ అనే పేరే చెప్పండి. మూడు సంగతులు పదేపదే: నువ్వు చేసిన పని వల్ల రాలేదు, ముట్టుకుంటే అంటుకోదు, నిన్ను చూసుకోవడానికి ఫలానావాళ్లు ఉంటారు.

చేతి తేడా ఉన్న పిల్లలు ఇంకో రెండు అడుగుతారు, అడగకపోయినా మనసులో ఉంటాయి. మొదటిది, "నా చెయ్యి కూడా క్యాన్సర్ వల్లే పోయిందా?" దీనికి సూటిగా: "నీ చెయ్యి అమ్మ కడుపులో ఉన్నప్పుడే అలా తయారైంది. అది జబ్బు కాదు. అమ్మకు వచ్చింది జబ్బు, దానికి మందులున్నాయి." ఈ తేడా చెప్పకపోతే పాప తనని తానూ రోగిగా అనుకోవడం మొదలవుతుంది. రెండోది రొమ్ము తీశాక: "మళ్లీ పెరుగుతుందా?" ఈ వయసు పిల్లలు చాలామంది తమ చెయ్యి కూడా పెరుగుతుందనే అనుకుంటారు. పెరగదనే చెప్పాలి, రెండింటి విషయంలోనూ. జుట్టు మాత్రం పెరుగుతుందని చెప్పొచ్చు. మొదటి కీమో తర్వాత రెండు మూడు వారాల్లో జుట్టు ఊడటం మొదలవుతుంది, దానికి ముందే చెప్పి ఉంచండి.

పొద్దుతిరుగుడు
చాలా చాలా థాంక్స్ అండీ. జ్వరం వచ్చి రాత్రికి రాత్రి వెళ్లాల్సి వస్తే పాపను మా అక్క దగ్గర వదలాలి. ఆవిడకు కృత్రిమ చెయ్యి తొడగడం తెలియదు.

గోరింట
ఒకే పేజీ రాయండి, రెండు భాగాలుగా. పైన "పాప తనే చేసుకుంటుంది, సాయం చేయొద్దు": బూట్లు, చొక్కా, తినడం, పళ్లు తోమడం. కింద "అడిగితేనే సాయం": జడ, గట్టి మూతలు, కుడి చేతి గోళ్లు. చేతి సంగతి చూసి జాలిపడే పెద్దవాళ్లకు పై భాగమే ఎక్కువ అవసరం. తొడిగే పద్ధతి మీ ఫోన్‌లో నిమిషం వీడియో తీసి ముందే పంపండి. రాని పక్షంలో ఆ రాత్రికి తొడగకుండా ఉంచేయమని స్పష్టంగా రాయండి, తప్పుగా తొడిగి ఒరుసుకోవడం కన్నా అదే మేలు. సంచిలో లైనర్, రెండు సాక్సులు, రింగు తగిలించిన జిప్పు చొక్కా, పాప నిద్రపోయేటప్పుడు పట్టుకునేది ఏదైనా ఉంటే అది.

తెల్లకోటు
ఆపరేషన్ గురించి కూడా ముందే అనుకోండి. చంకలో గ్రంథులు తీస్తే కొన్ని వారాల పాటు పాపను ఎత్తుకోకూడదు. ఎన్ని వారాలో, ఎంత బరువు వరకో సర్జన్ చెప్తారు, నాలుగేళ్ల పిల్ల బరువు దానికి చాలా ఎక్కువ. మంచం పక్కన, సింక్ దగ్గర వెడల్పాటి స్టూళ్లు ఇప్పుడే వేసి పాపకు తనే ఎక్కడం అలవాటు చేయండి. డ్రెయిన్ (ఆపరేషన్ చోట చేరే ద్రవాన్ని బయటికి తీసే) గొట్టాన్ని బట్ట లోపలి వైపు పిన్నుతో పెట్టాలి, పాప వాటేసుకున్నప్పుడు లాగకుండా. డ్రెయిన్‌లో రోజుకు ఎన్ని మిల్లీలీటర్లో రాయాలి, సుమారు 30 లోపుకు దిగాక తీస్తారు.

నోటి పుండ్లకు లీటరు నీళ్లలో టీస్పూను ఉప్పు, టీస్పూను వంట సోడా కలిపి రోజుకు నాలుగైదుసార్లు పుక్కిలించి ఉమ్మేయాలి. వాంతుల మాత్ర ఆన్‌డాన్‌సెట్రాన్ అయితే మలబద్ధకం వస్తుంది, దానికి మందు మొదటి రోజునుంచే అడగండి. ఇంట్లో మందులన్నీ తాళంలో ఉంచండి. పళ్లతో మూత తిప్పడం నేర్చిన పిల్లకు "పిల్లలు తీయలేని మూత" పెద్ద అడ్డు కాదు.

పొద్దుతిరుగుడు
పాక్లిటాక్సెల్‌లో వేళ్లు మొద్దుబారితే పాపకు స్నానం, కృత్రిమ చేతి పట్టీ బిగించడం ఆవిడ చేయొచ్చా? ఆ రెండూ తనే చేస్తానంటోంది.

అడుగుజాడ
చేయనివ్వండి, కొలతలు వేళ్లకు వదలకుండా. నీళ్లు థర్మామీటరుతో చూడాలి, 37 డిగ్రీల దగ్గర ఉండాలి. మొద్దుబారిన వేళ్లకు 45 డిగ్రీల నీళ్లు కూడా గోరువెచ్చగానే అనిపించవచ్చు. పట్టీ విషయంలో, బాగా సరిపోయిన బిగువు దగ్గర పట్టీ మీద రంగు దారంతో ఒక కుట్టు వేయండి. దారం బకిల్ అంచుకు వచ్చిందంటే అక్కడే ఆపాలి. పాప పెరిగే కొద్దీ నెలకోసారి ఆ కుట్టు విప్పి జరపండి.